ముకద్దం ముక్కు

బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే రోడ్డు మీదున్న ఆ బియ్యం గోదాములో, పురుగులకు మందు పెట్టిన బస్తాల నెట్టును ఎప్పుడు విప్పాలో చెప్పేది ఏసయ్య ముక్కు. ఏడు రోజులు ముట్టవద్దని గోడ మీద బోర్డుంది. గాలిలో విషం ఎంతుందో కొలిచే మీటరు ఆఫీసు బీరువాలో ఉంది. అయినా పన్నెండు మంది హమాలీలు బోర్డు చదవరు, మీటరు అడగరు. గుంపుకు పెద్ద అయిన ముకద్దం ఏసయ్య నోరు పుక్కిలించి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, తలుపు దాటి పది అడుగులు లోపలికి వెళతాడు. నిలబడి మూడుసార్లు గాలి పీలుస్తాడు. బయటికొచ్చి తువ్వాలు దులిపితే పని మొదలు. దులపకపోతే ఆ పూటకు బీడీలు, ముచ్చట్లు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఏసయ్యకు ముందున్న ముకద్దం కూడా ఇలాగే చూసేవాడు. బస్తాల మధ్య బిళ్ళలు పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేరిస్తే లోపల పురుగన్నది మిగలదు. ఆ బిళ్ళల నుంచి వచ్చే గాలి వెల్లుల్లిలా, కుళ్ళిన చేపలా వాసన వేస్తుంది. వాసన ఉంటే విషం ఉన్నట్టు, పోతే పోయినట్టు. హమాలీల శాస్త్రం అంతే. ఏ మిల్లు బియ్యమో బస్తా విప్పకుండా చెప్పగలడని పేరున్న ఏసయ్య ముక్కును బాన్సువాడలో శంకించినవాళ్ళు లేరు.

ఏసయ్య కోడలు అంబికది అదే గోదాము గేటు దగ్గర కాంటా గదిలో పని. ఖాళీ లారీని ఒకసారి, బస్తాలు ఎక్కాక మరోసారి తూచి చీటీ ఇస్తుంది. వయసు ముప్పై రెండు. కోటగిరి దగ్గర పల్లెలో పుట్టి, ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసై, డిగ్రీలో చేరాల్సిన ఏడాది తల్లి మంచాన పడితే ఆగిపోయింది. ఆ తర్వాత ఏసయ్య కొడుకు వెస్లీతో పెళ్ళయింది. వెస్లీ తండ్రి గుంపులోనే బస్తాలు మోస్తాడు. అత్త పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఈ ముగ్గురే.

రెండు లారీల మధ్య దొరికే సమయంలో అంబిక చదువుకుంటుంది. మండలాఫీసులో పనిచేసే చిన్ననాటి స్నేహితురాలు మూడేళ్ళ కిందట ఫోన్‌కు ఒక లింకు పంపింది. కాలేజీ స్థాయి పాఠాలను ఎవరికైనా ఉచితంగా చెప్పే ఒక స్వచ్ఛంద సంస్థ సైటు అది. ఫీజు లేదు. వయసు, మెమో అడగరు. వీడియోలో ఎక్కడో దూరదేశపు ప్రొఫెసర్ మాట్లాడుతుంటే కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఆ తెలుగు యంత్రం చేసింది, చాలాచోట్ల ఇంగ్లీషే నయం. వారం వారం హోంవర్కు ఉంటుంది. దాన్ని దిద్దేది పంతులు కాదు, అదే కోర్సులో ఉన్న మరో ముగ్గురు విద్యార్థులు. వాళ్ళు ఏ దేశంలోనైనా ఉండొచ్చు. అంబిక ఆరు కోర్సులు పూర్తి చేసింది. ఆరు సర్టిఫికెట్లు ఫోన్లో ఉన్నాయి. వాటిని చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఏడో కోర్సు పని చోట ఉండే విషాల గురించి. గోదాము కోసమని ఆమె దాన్ని ఎంచుకోలేదు. బైపీసీ చదివిన రోజుల్లో కెమిస్ట్రీ ఇష్టం, అంతే. అయిదో వారం హోంవర్కులో ఒకే ప్రశ్న ఇచ్చారు. మీ పని చోట ప్రమాదాన్ని దేన్ని బట్టి కనిపెడతారు? అంబిక ఏసయ్య ముక్కు గురించి రెండు పేజీలు రాసింది. రాస్తున్నప్పుడు గర్వంగానే ఉంది.

ఇద్దరు మంచి మార్కులిచ్చారు. మూడో ఆమె, నైరోబీలో నర్సు, పదికి అయిదే వేసి కింద ఒక వాక్యం రాసింది. ‘ఆ ముక్కును చివరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించారు?’

అంబికకు కోపం వచ్చింది. మార్కులు పోయినందుకో, మామను అనుమానించినందుకో ఆమెకే తెలియలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వెస్లీ బజారుకు వెళ్ళాడు. అంబిక మూడు సీసా మూతలు తీసుకుని ఒకదాంట్లో దంచిన వెల్లుల్లి, ఒకదాంట్లో బండిలోంచి తీసిన రెండు చుక్కల పెట్రోలు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు పోసి, పైన గుడ్డ కట్టింది.

“మామా, నా హోంవర్కుకు సాయం జెయ్యి. గివి ఏందో చెప్పు.”

“గింత ముసలోనితోటి పరీక్ష రాపిస్తవా?” అని నవ్వాడు ఏసయ్య. మొదటి మూత దగ్గరికి తెచ్చుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. “ఉల్లిగడ్డ.”

అది పెట్రోలు.

“గిది?”

“ఇంగువ లెక్కుంది.”

అది వెల్లుల్లి. అంబిక నీళ్ళ మూత అందించింది. ఏసయ్య కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. “వెల్లుల్లి. గిది పక్కా.”

ఏసయ్య కళ్ళు తెరిచి ఆమె ముఖం చూశాడు. మూతను అరుగు మీద పెట్టి గుడ్డ విప్పి, లోపల వేలు ముంచి, తడి వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

“కరోనా వచ్చినప్పుడు పోయింది బిడ్డ. మళ్ళ రాలే.”

“నాలుగేండ్లాయె గద మామా! మరి గోదాంల ఎట్ల చూస్తున్నవ్?”

“తలతోటి.” ఏసయ్య వివరంగానే చెప్పాడు, పని నేర్పుతున్నట్టు. “పోయి నిలవడ్త. తల బరువైతే ఇంకా ఉన్నట్టు. కడుపుల తిప్పితే బాగ ఉన్నట్టు. ఏం గాకపోతే పోయినట్టు. ఒక్కసారి గూడ తప్పలే. ఒక్కనికి గూడ ఏం గాలే.”

గోదాము విప్పిన రోజుల్లో మామ రాత్రి అన్నం ముట్టకపోవడం అంబికకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిగా గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం, మెట్లెక్కితే ఆగి దగ్గడం కూడా. వయసు అనుకున్నారు ఇంట్లో.

“మామా, ముక్కు మంచిగున్నా దాంతోటి చూడొద్దు. కొద్దిసేపు పీలిస్తే ముక్కు అలవాటు పడ్తది. వాసన పోయిందనిపిస్తది, విషం పోదు. పాఠంల చెప్పిండ్రు.”

“మరింకేం! అలవాటు పడేటందుకు నాకు ముక్కే లేకపాయె.” ఏసయ్య నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. “వెస్లీకి చెప్పకు. గుంపుకు అసలే చెప్పకు. వాసన రాని ముకద్దాన్ని ఎవడు ఉంచుకుంటడు? ఇంకో ఏడాది చేసి నేనే బంద్ వెడ్త.”

అంబిక సరేనంది. అప్పటికి నెట్టు ఏదీ కప్పి లేదు.

సోమవారం సాయంత్రం మూడో నంబరు నెట్టుకు మందు పెట్టి కప్పారు. గురువారం మధ్యాహ్నం మేనేజరు సాయిప్రసాద్ కాంటా గదికి వచ్చి, రేపు పొద్దున్నే అయిదు లారీలు వస్తాయని, మూడో నంబరు విప్పి ఎక్కిస్తామని చెప్పాడు. అప్పటికి నాలుగు రోజులు కూడా నిండవు.

సాయిప్రసాద్ తాత ఏలూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు. మనవడు ఇక్కడే పుట్టినా మాట అక్కడిదే. చెడ్డవాడు కాదు. యజమానికి మాత్రం భయపడతాడు.

“సార్, బోర్డు మీద ఏడు రోజులని ఉంది.”

“ఉంటుందమ్మా. కంపెనీవాళ్ళు అలాగే రాస్తారు. మీ మావయ్య చూస్తాడుగా?”

“మా మామ చూసుడు కాదు సార్. మీటర్ పెట్టి చూడుండ్రి.”

సాయిప్రసాద్ విసుక్కున్నా లేచి వెళ్ళి బీరువా తెరిచాడు. మీటరు అట్టపెట్టెలో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. వెనక అంటించిన తేదీ దాటి రెండేళ్ళయింది. బ్యాటరీలు కారి గూట్లో తెల్లగా పేరుకుంది.

“ఇన్‌స్పెక్షన్‌కి చూపించడానికి కొన్నాం,” అన్నాడు సాయిప్రసాద్. తర్వాత నిజామాబాద్‌లో ఉన్న యజమానికి ఫోన్ చేసి, బయటికెళ్ళి మాట్లాడి వచ్చాడు. “ఏసయ్య సరే అంటే సరే అన్నారు. ఆయన కాదంటే ఆపుదాం. అంతకన్నా ఏం కావాలి?”

అందరూ తిరిగి తిరిగి ఆ ముక్కు దగ్గరికే వస్తున్నారు. అంబిక ఇంటికెళ్ళి మామకు విషయమంతా చెప్పి, రేపు తువ్వాలు దులపవద్దంది.

“తల బరువైతే దులప,” అన్నాడు ఏసయ్య. “కాకుంటే అబద్ధం ఎట్ల చెప్పాలె?”

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అయిదు లారీలూ గేటు బయట వరుసగా నిలబడ్డాయి. హమాలీలు గోదాము తలుపు ముందు చేరారు. గుంపులో అందరికంటే మాటకారి నర్సింలు బీడీ వెలిగించి, “ఏసన్నా, జల్ది చూడు. నీ ముక్కు ముహూర్తం పెట్టేదాకా మాకు చాయ్ గూడ దిగది,” అన్నాడు. ఏసయ్య నోరు పుక్కిలించాడు. తువ్వాలు విప్పాడు.

అంబిక కాంటా గదిలోంచి దిగి, వాళ్ళ మధ్యకొచ్చి నిలబడింది. ఆమె మనసులో అప్పుడున్నది ఒక్కటే. ఈ తలుపు లోపలికి ఎవరూ పోకూడదు.

“మా మామకు వాసన వస్తలేదు,” అంది. “నాలుగేండ్లాయె.”

నర్సింలు మొదట నవ్వాడు. నవ్వుకు తోడు రాకపోయేసరికి, జేబులోంచి తలనొప్పి మందు డబ్బీ తీసి మూత తిప్పి ఏసయ్య ముక్కు కింద పెట్టాడు. “కండ్లు మూయన్నా. గిదేంది, చెప్పు.”

ఏసయ్య కళ్ళు మూయలేదు. నర్సింలు చేతిని మెల్లగా పక్కకు జరిపి, తలుపు పక్కనున్న ఖాళీ సంచుల కట్ట మీద కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. జవాబు అందరికీ అర్థమైంది.

“నాలుగేండ్ల సంది మా పాణాలు గాలిల వెట్టినవా ఏసన్నా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఇక లారీలు వెనక్కి పోతాయనుకుంది అంబిక. కానీ నర్సింలు డబ్బీ మూత బిగిస్తూ వేరే ప్రశ్న వేశాడు. “అయితే ఇగ ఎవలు చూస్తరు?”

అందరి చూపులూ వెస్లీ వైపు తిరిగాయి. “తండ్రి ముక్కే కొడుక్కు,” అన్నాడొకడు. “నిన్న మా ఇంట్ల చేపల పులుసని గల్లీ మొదట్లనే కనిపెట్టిండు,” అన్నాడింకొకడు. ముకద్దం ఎన్నిక అంతటితో అయిపోయింది.

“అన్నా, ముక్కుతోటి కాదు!” అంబిక గొంతు పెద్దదయింది. “ఎవని ముక్కైనా ఒక్కటే. ఏడు రోజులు ఆగాలె, మీటర్ వెట్టాలె.”

“నీ ఫోన్ల పంతులు వచ్చి బస్తాలు మోస్తడా చెల్లె?” అన్నాడు నర్సింలు. కొందరు నవ్వారు.

వెస్లీ నవ్వలేదు. భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. “ఇంట్ల నాకు చెప్పరాదా? గింత మంది ముంగట మా నాయిన ఇజ్జత్ తీసినవ్.”

“పోకు వెస్లీ.”

ఆమె పట్టుకున్న చొక్కా అంచును విడిపించుకుని, తండ్రి ఒళ్ళోంచి తువ్వాలు తీసుకుని అతను లోపలికి నడిచాడు. తండ్రి పోగొట్టుకున్న పేరును అక్కడికక్కడే తిరిగి తేవాలనుకున్నాడు కాబోలు, పది అడుగుల దగ్గర ఆగలేదు. నెట్టు దాకా వెళ్ళాడు. ఇసుక సంచి తీసి, టార్పాలిన్ అంచు ఎత్తి, తల వంచి పీల్చడం తలుపు దగ్గరికి కనిపించింది.

“కొద్దిగ ఉన్నది!” అని లోపలి నుంచి కేక వేశాడు. కాసేపటికి గొంతులో సంతోషం. “పోయింది! ఇప్పుడు అసలే వస్తలేదు!” ఇంకో ఇసుక సంచి లాగిన చప్పుడయింది. హమాలీలు తుండుగుడ్డలు నెత్తిన చుట్టుకుని లేచారు.

వాళ్ళకు అడ్డంగా అంబిక తలుపులో చేతులు చాపింది. ఏసయ్య ఆమె చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అంత వేగంగా నడవడం ఆ గుంపు ఎన్నడూ చూడలేదు. కొడుకు మెడ పట్టి ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. వెస్లీ రెండడుగులు వేసి, నాకేం కాలేదని చెప్పబోయి, లారీ చక్రం పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు.

గుంపు వెనక్కి జరిగింది. సాయిప్రసాద్ పరుగెత్తుకొచ్చి, లారీలు తిప్పి పంపేస్తానని, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని తన కారు తాళం నర్సింలు చేతిలో పెట్టాడు.

దవాఖానలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఏం పీల్చాడని అడిగింది. అంబిక బిళ్ళల పేరు, దాన్నుంచి వచ్చే గాలి పేరు, ఎన్ని నిమిషాలో చెప్పింది. డాక్టరమ్మ తలెత్తి చూసింది.

“మీరెక్కడ పనిచేస్తారు?”

“కాంటా దగ్గర మేడం.”

“దీనికి విరుగుడు లేదని తెలుసా?”

“తెలుసు.”

డాక్టరమ్మ ఇక దాచకుండా మాట్లాడింది. ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడు లేచి కూర్చున్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడానికి ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. నిజామాబాద్ పంపడానికి అంబులెన్స్ చెప్పానని, అది మరో కేసు దించి వస్తోందని అంది. అప్పటిదాకా పావుగంటకోసారి ఊపిరి లెక్కపెట్టాలి, నిమిషానికి ఇరవై అయిదు దాటితే పిలవాలి. ఏసయ్యనూ మంచం మీద పడుకోమంది. ఆయన వినలేదు. లోపల నిమిషమైనా లేనని, తలైనా నొస్తలేదని చెప్పి వరండా బల్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి వెస్లీ తేరుకున్నాడు. అరటిపండు తిన్నాడు. ఆక్సిజన్ గొట్టం పక్కకు తీసి, “పందికొక్కు లెక్క సచ్చిపోతననుకున్నవా?” అని భార్యను ఆటపట్టించాడు. నిమిషానికి ఇరవై. మరో పావుగంటకు ఇరవయ్యే.

మూడింటికి నర్సింలు వచ్చాడు. కారు తాళం ఇవ్వడానికి గోదాముకు వెళ్ళి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“లారీలు పోలే చెల్లె. మద్నూర్ దిక్కు గుంపుకు ఫోన్ చేసిండ్రట. ఆటోలల్ల వస్తుండ్రు. నాలుగ్గొట్టంగ విప్పుతరు.”

“వాళ్ళకు చెప్పినవా అన్నా? వెస్లీకి గిట్లయిందని చెప్పినవా?”

“సార్‌తోటి అన్న. సార్ యజమానితోటి మాట్లాడిండు. వాళ్ళేమంటుండ్రంటే...” నర్సింలు వరండాలో ఉన్న ఏసయ్య వైపు చూసి గొంతు తగ్గించాడు. “మీ ముకద్దంకు కరోనా తోటి ముక్కు పోయింది, మీ కొత్తోడు అలవాటు లేక ఆగమైండు, అందుకే గిట్లయింది అంటుండ్రు. మద్నూర్ ముకద్దం ముక్కు మస్తుంటదట.”

పొద్దున తాను ఏం చేసిందో అంబికకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ముక్కును నమ్మొద్దని చెప్పాల్సిన చోట, ఏసయ్య ముక్కు పోయిందని చెప్పింది. వాళ్ళకు వినబడింది అదొక్కటే. దాంతో ఇంకో ముక్కు వెతుక్కున్నారు. ఇప్పుడు తన మాటే, ముక్కూమొహం తెలియని మనుషులను ఆ తలుపులోంచి లోపలికి పంపబోతోంది.

సాయిప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పోలీసులకు వంద నంబరుకు చేసి ఊరు, రోడ్డు, గోదాము అన్నీ చెప్పింది. బండి పంపుతామన్నారు. మూడున్నర కావొస్తోంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుండగా వెస్లీ దగ్గాడు. ఆమె ఆగి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఇరవై రెండు.

“నువ్వు ఈడనే ఉండు,” అన్నాడు ఏసయ్య. ఎప్పుడొచ్చాడో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. “నర్సింలూ, బండి తీయి.”

“మామా, లోపలికి పోకు. నీ ఒంట్ల ఇప్పటికే మస్తున్నది.”

“పోను బిడ్డ. తలుపుల కూసుంట. నన్ను తొక్కి పోయేటోడుంటే పోతడు.” ఒక్క క్షణం ఆగాడు. “వాళ్ళకు నా ముచ్చట చెప్త. నాలుగేండ్లు తలతోటి చూసిన ముచ్చట. పొద్దుగాలనే చెప్పాల్సింది. సిగ్గయింది.”

కొడుకు వైపు ఒకసారి చూసి కదిలాడు. వరండాలో నడుస్తూ గోడను ఒకసారి పట్టుకోవడం అంబిక చూసింది. పిలవబోయింది, పిలవలేదు. నర్సింలు బండి చప్పుడు రోడ్డెక్కి వినబడకుండా పోయింది.

నాలుగింటికి ఇరవై నాలుగు. వెస్లీ మాట్లాడడం తగ్గించాడు. ఎందుకని అడిగితే నిద్రొస్తోందన్నాడు. అంబిక ఏసయ్యకు ఫోన్ చేసింది. చివరిదాకా మోగి ఆగిపోయింది. నర్సింలుకు చేసింది. అదీ అంతే. బయట అంబులెన్స్ ఇంకా రాలేదు.

నాలుగుంపావుకు ఏసయ్యకు మళ్ళీ చేసింది. మోగుతున్న ఫోన్‌ను మంచం మీద పెట్టి, రెండో చెయ్యి భర్త ఛాతీ మీద ఆనించి లెక్కపెట్టింది. అరచేతి కింద ఏదో సన్నగా గురగురమంది. నిమిషం పూర్తయ్యేసరికి ఇరవై తొమ్మిది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ పెట్టలేదు. డాక్టరమ్మ గది వైపు పరుగెత్తింది. వెనక మంచం మీద ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు.